పాత ఫ్రిజ్‌ని సరిగా సాగనంపుదాం

డెగ్గెన్‌డార్ఫ్ నుంచి మాట్లాడుతున్నాను. జర్మనీలోని బవేరియాలో, డాన్యూబ్ నది ఒడ్డున, బవేరియన్ అడవికి ముఖద్వారమని పేరున్న ఊరు ఇది. ఊరికి దగ్గర్లోనే ఇజార్ నది వచ్చి డాన్యూబ్‌లో కలుస్తుంది. 1994లో మొదలైన సాంకేతిక ఉన్నత విద్యాలయం ఇక్కడ ఉంది. దాని పుణ్యమా అని మన దేశం నుంచి పిల్లలు చదువుకోవడానికి వస్తున్నారు. చదువయ్యాక ఉద్యోగాలు చూసుకుని కాపురాలు పెడుతున్నారు. ఆ కాపురాల్లో ఎప్పుడో ఒకప్పుడు తప్పనిసరిగా ఎదురయ్యే ఇంటి సమస్య గురించి ఈవేళ మాట్లాడుకుందాం. ఫ్రిజ్ పాడయింది. ఇప్పుడేం చెయ్యాలి?

కొత్తది కొంటే సరిపోతుంది కదా అనిపిస్తుంది. కానీ కొత్తది తెచ్చుకోవడం ఈ పనిలో సగమే. పాతది నిజంగా పాడయిందా, అది ఎవరిది, ఇక్కణ్ణుంచి ఎక్కడికి వెళ్ళాలి అన్న మూడు ప్రశ్నలకు జవాబు చెప్పుకోవడం తక్కిన సగం. ఆ రెండో సగమే ముఖ్యమని నేను గట్టిగా నమ్ముతాను. ఎందుకో ఒక్కొక్కటిగా చెబుతాను.

ముందు లోపలి పదార్థాల సంగతి. కరెంటు పోయినా, ఫ్రిజ్ ఆగిపోయినా, తలుపు తెరవకుండా ఉంచితే లోపలి చల్లదనం సుమారు 4 గంటలు నిలుస్తుంది. నిండుగా ఉన్న ఫ్రీజరైతే దాదాపు 48 గంటలు, సగం నిండినదైతే 24 గంటలు ఆగుతుంది. అందుకని మాటిమాటికీ తెరిచి చూడకండి. ఒకేసారి తెరిచి, ఏది ముందు పాడవుతుందో చూసుకుని తీయండి. పాలు, మాంసం, చేపలు, వండిన అన్నం, కూరలు ముందు వరస. పెరుగు ఇంకా పులుస్తుంది, మజ్జిగ పులుసుకి పనికొస్తుంది. ఇడ్లీ పిండి పొంగిపోకముందే అట్లు పోసేసుకోవచ్చు. ఆవకాయకూ చింతకాయ పచ్చడికీ ఏ దిగులూ లేదు. ఉప్పూ నూనే సరిగా పడ్డ పచ్చళ్ళు ఫ్రిజ్ పుట్టకముందు నుంచీ నిలవ ఉంటున్నవే. రెగెన్స్‌బర్గ్ నుంచో మ్యూనిక్ నుంచో తెచ్చి ఫ్రీజర్‌లో దాచుకున్న కరివేపాకునూ పచ్చి కొబ్బరినీ పొరుగింటివాళ్ళ ఫ్రీజర్‌లో పెట్టుకోనిమ్మని అడగండి. అడగడానికి మొహమాటపడక్కర్లేదు.

శనివారం రాత్రి ఆగిపోతే చిక్కే. బవేరియాలో ఆదివారం దుకాణాలు తెరవరు. చలికాలమైతే బాల్కనీ ఆదుకుంటుంది. మూతపెట్టె ఒకటి తీసుకుని, ఎండ తగలని మూల పెట్టండి. రాత్రి సున్నా కంటే కిందికి దిగితే పాల సీసాలు పగలవచ్చు, పగలు ఎండకాస్తే పెట్టె వేడెక్కవచ్చు. లోపలొక చిన్న థర్మామీటరు పడేస్తే ఊహలతో పనుండదు.

ఇక మొదటి ప్రశ్న. నిజంగా పాడయిందా? లోపల దీపం వెలుగుతోందా? వెలగకపోతే అదే ప్లగ్గులో ఇంకో వస్తువు పెట్టి చూడండి, ఫ్యూజు పెట్టె చూడండి. దీపం వెలుగుతూ చల్లదనం తగ్గితే వెనకవైపు చూడండి. అక్కడి జాలీ గొట్టాల మీద దుమ్ము దట్టంగా పేరుకుంటే లోపలి వేడి బయటికి పోయే దారి మూసుకుపోతుంది. తలుపు చుట్టూ ఉండే రబ్బరు చూడండి. ఒక కాగితం ముక్క తలుపులో పెట్టి మూసి లాగితే తేలిగ్గా వచ్చేసిందంటే ఆ చోట రబ్బరు పట్టడం లేదు. మంచు పట్టని రకం ఫ్రిజ్ అయితే, లోపలి గోడ వెనక గొట్టాల మీద మంచు గడ్డకట్టి గాలి తిరగకుండా అడ్డుపడుతూ ఉండొచ్చు. ప్లగ్గు తీసి, తలుపు తెరిచి, ఒక రోజంతా వదిలేయండి. ఆ తరవాత కొన్నాళ్ళు బాగా పనిచేసి మళ్ళీ అదే గొడవ మొదలైతే, మంచు కరిగించే చిన్న హీటరో దాన్ని నడిపే సెన్సారో పోయిందని అర్థం. కంప్రెసర్ బాగానే ఉందన్నమాట.

ఈ చలి ప్రాంతంలో ఇంకో సంగతి ఉంది, మన ఊళ్ళలో మనకు అనుభవంలోకి రానిది. ఫ్రిజ్ వెనకో లోపలో అతికించిన పట్టీ మీద వాతావరణ తరగతి రాసి ఉంటుంది. ఎస్‌ఎన్ అంటే చుట్టూ 10 నుంచి 32 డిగ్రీల వేడి ఉన్నచోట సరిగా పనిచేస్తుంది. ఎన్ అంటే 16 నుంచి 32. ఎస్‌టీ అంటే 16 నుంచి 38. టీ అంటే 16 నుంచి 43. ఎన్ తరగతి ఫ్రిజ్‌ని తీసుకెళ్ళి హీటరు లేని నేలమాళిగలో జనవరిలో పెట్టారనుకోండి. పైగదికి ఒక్కటే థర్మోస్టాట్ ఉన్న రకమైతే, చుట్టూ ఉన్న చలికి పైగది ఎలాగూ చల్లగానే ఉంటుంది కాబట్టి కంప్రెసర్ తిరగడం మానేస్తుంది. కింద ఫ్రీజర్‌లో పెట్టినవి కరగడం మొదలవుతుంది. ఫ్రిజ్ చచ్చిపోయిందని అనుకుంటాం. దానికేమీ కాలేదు, పెట్టిన చోటు తప్పు. వంటింట్లోకి తెచ్చి పెడితే మళ్ళీ మామూలే.

నిజంగానే ఏదో భాగం పోయిందనుకుందాం. బాగుచేయించాలా, మార్చాలా? కొని రెండేళ్ళు కాకపోతే ముందు బిల్లు వెతకండి. జర్మనీలో అమ్మినవాడికి 2 ఏళ్ళ చట్టబద్ధమైన బాధ్యత ఉంటుంది. మొదటి ఏడాదిలో లోపం బయటపడితే, అది మొదటినుంచీ ఉన్నదేనని చట్టం భావిస్తుంది. కాదని నిరూపించుకోవాల్సింది దుకాణమే. ఆ గడువు దాటినా దారులున్నాయి. 2021 మార్చి నుంచి యూరోపియన్ యూనియన్‌లో ఒక నియమం అమల్లో ఉంది. థర్మోస్టాట్లు, వేడి కొలిచే సెన్సార్లు, సర్క్యూట్ బోర్డులు, దీపాలు మెకానిక్కులకు కనీసం 7 ఏళ్ళు దొరకాలి. తలుపు పిడులు, కీలు, లోపలి అరలు, బుట్టలు నేరుగా మనకే 7 ఏళ్ళు అమ్మాలి. తలుపు రబ్బరైతే 10 ఏళ్ళు. ఆ మోడల్‌లో ఆఖరి ఫ్రిజ్ మార్కెట్లోకి వచ్చిన రోజు నుంచి లెక్క ఇది. అడిగిన 15 పనిదినాల్లో భాగం పంపాలి. 2024లో యూనియన్ మరమ్మతు హక్కు ఆదేశాన్ని కూడా చేసింది. సభ్యదేశాలు దాన్ని తమ చట్టాల్లోకి తెచ్చుకోవడానికి గడువు 2026 జూలై 31. ఆ ఆదేశం వర్తించే వస్తువుల జాబితాలో ఫ్రిజ్‌లున్నాయి.

రబ్బరు, ఫ్యాను, థర్మోస్టాట్, హీటరు పోతే బాగుచేయించడమే మేలని నా సలహా. కంప్రెసర్ పోయినా, పదేళ్ళు దాటిన ఫ్రిజ్‌లో గ్యాస్ కారిపోయినా, ఇక్కడి మెకానిక్ కూలీతో అది గిట్టుబాటు కాదు. మన ఊళ్ళో లాగా ఫోను చెయ్యగానే వచ్చి గ్యాస్ నింపి వెళ్ళే మనిషి ఇక్కడ సులువుగా దొరకడు. వచ్చి చూసినందుకే విడిగా రుసుము ఉంటుంది. ఆ రుసుమెంతో ముందే అడిగి తెలుసుకోండి.

రెండో ప్రశ్న. ఆ ఫ్రిజ్ ఎవరిది? ఈ ప్రశ్న మనవాళ్ళు చాలామంది వేసుకోరు. ఇక్కడ అద్దె ఇళ్ళు చాలావరకు వంటగది సామాను లేకుండానే ఇస్తారు. ముందున్న అద్దెదారు దగ్గర డబ్బిచ్చి వంటగది కొనుక్కుని ఉంటే ఫ్రిజ్ మీదే, బాధ్యతా మీదే. ఇంటి యజమానే ఫ్రిజ్‌తో సహా ఇల్లు అద్దెకిచ్చి ఉంటే, దాన్ని పనిచేసే స్థితిలో ఉంచడం జర్మన్ పౌర స్మృతి 535వ సెక్షన్ ప్రకారం యజమాని పని. ఇంట్లో దిగిన రోజు ఇద్దరూ సంతకం చేసిన అప్పగింత పత్రం తీసి చూడండి. యజమానిదే అయితే వెంటనే రాతపూర్వకంగా తెలియజేయండి. ఫోటో జతచేయండి. ఆలస్యం చెయ్యకుండా తెలియజేయడం అద్దెదారు బాధ్యత. చిన్నచిన్న మరమ్మతులు అద్దెదారే భరించాలన్న షరతు ఒప్పందంలో ఉండొచ్చు, కానీ ఫ్రిజ్ మొత్తం మార్చడం చిన్న మరమ్మతు కిందికి రాదు. యజమానికి చెప్పకుండా మీరే కొత్తది కొనేస్తే ఆ డబ్బు తిరిగి రావడం కష్టం. పాతదాన్ని పడేస్తే ఇంకా పెద్ద తంటా. అది మీ ఆస్తి కాదు కదా. విద్యార్థి వసతి గృహాల్లో అయితే ముందుగా భవన సంరక్షకుడికి చెప్పండి.

మీదేనని తేలి, మార్చక తప్పదని నిర్ధారించుకున్నాక దుకాణం మాట. దానికన్నా ముందు టేపు తీయండి. జర్మన్ వంటగదుల్లో ఫ్రిజ్ చాలాసార్లు చెక్క అలమరలో ఇమిడిపోయి ఉంటుంది. ఆ గూడు ఎత్తులకు ప్రమాణాలున్నాయి. సుమారుగా 88, 122, 140, 178 సెంటీమీటర్లవి ఎక్కువ. వెడల్పు 56. గూడు కొలిచి కొనాలి, పాత ఫ్రిజ్‌ని కొలిచి కాదు. ఇంకో మెలిక తలుపు దగ్గరుంది. కొన్నింటిలో అలమర చెక్క తలుపును ఫ్రిజ్ తలుపుకే బిగిస్తారు. కొన్నింటిలో చెక్క తలుపు అలమర కీలు మీదే ఉండి, మధ్యలో జారే పట్టాతో ఫ్రిజ్ తలుపును లాగుతుంది. ఒక రకం గూట్లో ఇంకో రకం తెచ్చిపెడితే తలుపు సరిగా మూసుకోదు. పాతదాన్ని తీసేముందు తలుపు తెరిచి ఫోటో తీసుకెళ్ళి దుకాణంలో చూపించండి.

తరవాత రంగురంగుల పట్టీ. 2021 మార్చి 1 నుంచి యూరప్‌లో విద్యుత్ పట్టీ మారింది. ‘ఏ’ పక్కన మూడు ప్లస్సులు ఇప్పుడు లేవు. ‘ఏ’ నుంచి ‘జీ’ వరకు ఏడు మెట్లే. పాత ఫ్రిజ్‌కి ‘ఏ ప్లస్ ప్లస్’ ఉంది, కొత్తదానికి ‘ఈ’ అని ఉంది, ఇదేమిటి నాసిరకమా అని కంగారుపడకండి. కొలబద్దే కఠినమైంది. అక్షరం కన్నా కింద రాసిన ఏడాది యూనిట్ల సంఖ్య చూడండి. ఫ్రీజర్‌తో కూడిన పెద్ద ఫ్రిజ్ ‘ఈ’ తరగతిదైతే ఏడాదికి సుమారు 240 యూనిట్లు, ‘ఏ’ తరగతిదైతే సుమారు 110 యూనిట్లు తీసుకుంటుంది. తేడా 130. యూనిట్ 35 సెంట్లు అనుకుంటే ఏడాదికి 45 యూరోల ఆదా. పదేళ్ళకు పైగా ఇక్కడే ఉండే కుటుంబానికి ఈ లెక్క కలిసొస్తుంది. రెండేళ్ళ చదువుకి వచ్చిన విద్యార్థి ‘ఏ’ తరగతి ఫ్రిజ్ మీద అదనంగా కొన్ని వందల యూరోలు పెట్టనక్కర్లేదు. ఊరు విడిచి వెళ్ళేవాళ్ళ దగ్గర, బాగా నడుస్తున్న మధ్యరకం ఫ్రిజ్ తీసుకోవడమే వివేకం. తెచ్చేటప్పుడు నిలబెట్టి తీసుకురండి. పడుకోబెట్టక తప్పకపోతే ఇంటికి తెచ్చి నిలబెట్టాక కొన్ని గంటలు ఆగి ప్లగ్గు పెట్టండి. పడుకోబెట్టినప్పుడు కంప్రెసర్ నూనె గొట్టాల్లోకి పాకుతుంది, అది తిరిగి కిందికి దిగాలి. ఇక నడపడం మొదలుపెట్టాక ఫ్రిజ్ 7 డిగ్రీలకు మించకుండా, మాంసం, చేపలు ఉండే ఇంట్లో 5 దగ్గర, ఫ్రీజర్ మైనస్ 18 దగ్గర ఉంచితే చాలు. అంతకన్నా చల్లబరిస్తే కరెంటు దండగ.

ఇప్పుడు మూడో ప్రశ్నకు వద్దాం. పాతది ఎక్కడికి వెళ్ళాలి?

ఇక్కడి చట్టం స్పష్టంగా ఉంది. 2006 మార్చి 24 నుంచి జర్మనీలో ఇళ్ళ నుంచి వచ్చే పాత విద్యుత్ పరికరాలను ప్రభుత్వ సేకరణ కేంద్రాలు ఉచితంగా తీసుకోవాలి. అమ్మేవాళ్ళకూ బాధ్యత ఉంది. విద్యుత్ పరికరాలకు కనీసం 400 చదరపు మీటర్ల స్థలం ఉన్న దుకాణం, కొత్త ఫ్రిజ్ అమ్మితే పాతదాన్ని ఉచితంగా తీసుకోవాల్సిందే. ఇంటికి తెచ్చి ఇస్తే ఆ ఇంటి దగ్గరే తీసుకోవాలి. ఆన్‌లైన్‌లో అమ్మే పెద్ద వ్యాపారులకూ ఇదే నియమం. ఆర్డరు సమయంలోనే పాతది ఇస్తారా అని మనల్ని అడగాలి. ఆ గడిలో టిక్కు పెట్టడం మరిచిపోకండి. ఉచిత రవాణా అంటే చాలాసార్లు వీధి అంచు దాకానే. మూడో అంతస్తు దాకా తెస్తారా, పాతదాన్ని ఎక్కడి నుంచి తీసుకెళతారు అన్నది ముందే అడిగి రాయించుకోండి. వాళ్ళు వచ్చే ముందు రోజే ఖాళీ చేసి, మంచు కరిగించి, తుడిచి సిద్ధంగా పెట్టండి.

మన జిల్లాలో ఈ పని చూసేది డోనావ్ వాల్డ్ వ్యర్థ నిర్వహణ సంఘం. డెగ్గెన్‌డార్ఫ్, రేగెన్, ఫ్రేయుంగ్ గ్రాఫెనావ్, పాసావ్ జిల్లాలూ, పాసావ్ నగరమూ కలిసి నడుపుకుంటున్న సంస్థ ఇది. దీని రీసైక్లింగ్ కేంద్రాలు ఊరూరా ఉన్నాయి. ఫ్రిజ్‌లు ఏ కేంద్రంలో తీసుకుంటారో, ఏ వేళల్లో తెరుస్తారో కనుక్కుని వెళ్ళండి. గేటు బయట వదిలి రావడం, అడవి దారిలో దింపి రావడం నేరం. పాత ఇనుము తీసుకుంటామంటూ కరపత్రాలు వేసి వ్యాన్లలో తిరిగేవాళ్ళకు కూడా ఇవ్వకండి. పాడైన విద్యుత్ పరికరాలు సేకరించే అధికారం వాళ్ళకు లేదు.

ఇంత పట్టుదల ఎందుకంటే ఫ్రిజ్ లోపల ఉన్నది అలాంటిది. పాతకాలపు ఫ్రిజ్‌లలో చల్లదనానికి వాడిన సీఎఫ్‌సీ వాయువు ఓజోన్ పొరను తినేస్తుంది. అంతేకాదు, భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 10,000 రెట్లు బలమైనది. అదంతా గొట్టాల్లోనే ఉంటుందనుకుంటాం. నిజానికి గోడల మధ్య నింపిన నురుగులోనే ఎక్కువ ఉండేది. అందుకే ఇక్కడి రీసైక్లింగ్ కర్మాగారాల్లో రెండు దశలుంటాయి. మొదట గొట్టాల్లోంచి వాయువునూ నూనెనూ పీల్చేస్తారు. తరవాత పెట్టెను మూసిన గదిలో ముక్కలు చేసి, నురుగులోంచి వెలువడే వాయువును పట్టి బంధిస్తారు. చివరగా ఇనుము, రాగి, అల్యూమినియం, ప్లాస్టిక్ వేరు చేస్తారు. రాగి కోసం గొట్టం కోసేసిన ఫ్రిజ్ అక్కడికి చేరేసరికే వాయువు గాల్లో కలిసిపోయి ఉంటుంది.

ఈ ఫ్రిజ్ కథలో జర్మనీ పాత్ర పెద్దది. 1870లలో మ్యూనిక్‌లో ఆచార్యుడిగా ఉన్న కార్ల్ ఫాన్ లిండే శీతలీకరణ యంత్రాన్ని తయారుచేసి, ఆ ఊరి స్పాటెన్ బీరు కర్మాగారంలో నడిపి చూశాడు. అంతవరకూ బీరు కర్మాగారాలు చెరువుల్లో కోసిన మంచుగడ్డల మీద ఆధారపడేవి. తరవాతి కాలంలో వచ్చిన సీఎఫ్‌సీ వాయువుల బెడద తెలిశాక, వాటిని తగ్గించేందుకు 1987లో మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. సీఎఫ్‌సీ బదులు ఏం వాడాలన్నప్పుడు పెద్ద కంపెనీలు ఇంకో రసాయనం వైపు మొగ్గాయి. అది ఓజోన్‌ని ముట్టదు గానీ, కార్బన్ డయాక్సైడ్ కంటే 1,300 రెట్లకు పైగా వేడెక్కిస్తుంది. అప్పుడు డార్ట్‌మండ్ పరిశోధకులు ప్రొపేన్, బ్యూటేన్ మిశ్రమం వాడి చూపించారు. గ్రీన్‌పీస్ పర్యావరణ సంస్థ 1992లో, మూతబడబోతున్న తూర్పు జర్మనీ ఫ్యాక్టరీ ఒకదాని దగ్గరికి వెళ్ళింది. శాక్సొనీలోని షార్ఫెన్‌స్టైన్ ఫ్యాక్టరీ అది. కొత్తరకం నమూనాలు చేయించి, ప్రజల నుంచి వేల సంఖ్యలో ముందస్తు ఆర్డర్లు సేకరించింది. 1993లో ఆ ఫ్రిజ్‌లు మార్కెట్లోకొచ్చాయి. పేటెంటు తీసుకోకుండా ఆ విద్యను లోకానికి వదిలేశారు. మంటలొస్తాయని భయపెట్టిన కంపెనీలే తరవాత ఆ దారి పట్టాయి. ఆ ఫ్యాక్టరీ మాత్రం 1996లో దివాలా తీసింది. కానీ ఈరోజు మన ఇంటి ఫ్రిజ్ వెనక ఆర్600ఏ అని రాసి ఉంటే, అంటే ఐసోబ్యూటేన్ అని ఉంటే, అది ఆ కార్మికుల చేతిపనికి కొనసాగింపు. ఆ వాయువు కొన్ని పదుల గ్రాములే ఉంటుంది గానీ అంటుకునే గుణం ఉన్నది. మనంతట మనం గొట్టాలు కోయకూడదనడానికి అదొక కారణం.

ఇంట్లో ఉన్నంతసేపూ హాని చెయ్యని వస్తువు బయటపడితే ఏమవుతుందో ఈ ఊరికి బాగా తెలుసు. 2013 జూన్‌లో వరదకు గట్లు తెగి ఫిషర్‌డోర్ఫ్ ప్రాంతం మునిగింది. నేలమాళిగల్లోని ట్యాంకుల నుంచి ఇళ్ళు వెచ్చబెట్టుకునే నూనె నీళ్ళలో కలిసి గోడల్లోకి ఇంకింది. నీళ్ళు తీశాక కూడా ఆ ఇళ్ళలో ఎన్నో పనికిరాక కూల్చేశారు. తడిసిన ఫర్నిచరూ యంత్రాలూ వీధుల్లో గుట్టలుగా పడ్డాయి. ఆ నూనె చేసిన పని కంటికి కనబడింది. ఫ్రిజ్ వాయువు చేసే పని కనబడదు. తేడా అంతే.

మనవైపు చూద్దాం. 1942లో మొదలైన హైదరాబాద్ ఆల్విన్ కంపెనీ సనత్‌నగర్‌లో ఫ్రిజ్‌లు తయారుచేసింది. ఎన్నో తెలుగు ఇళ్ళలో మొదటి ఫ్రిజ్ అదే. దాన్ని గ్యాస్ నింపించి, రంగు వేయించి, పిల్లల పెళ్ళిళ్ళ దాకా వాడుకున్న కుటుంబాలున్నాయి. ఆ పొదుపు గొప్పది, దాన్ని నేను మనసారా మెచ్చుకుంటాను. కానీ ఆఖరి రోజున ఆ ఫ్రిజ్ పాత ఇనుప సామాను బండి ఎక్కేది. సందులో ఎవరో గొట్టం కోసి రాగి తీసుకునేవారు. వాయువు గాల్లోకి, నురుగు మురికి కాలవలోకి పోయేవి. ఆ పని చేసిన పేదవాణ్ణి తప్పుపట్టను. అతనికి వేరే దారి మనం చూపలేదు. ఇప్పుడు దారి ఉంది. 2023 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో కొత్త ఈ-వ్యర్థాల నియమాలు అమల్లోకి వచ్చాయి. తయారీదారులే పాత ఫ్రిజ్‌లను గుర్తింపు పొందిన రీసైక్లర్ల చేత శుద్ధి చేయించాలి.

అందుకే ఒక కోరిక. ఇక్కడ ఫ్రిజ్ మార్చేటప్పుడు చట్టం ఇచ్చిన హక్కును వదులుకోకండి. పాతదాన్ని తీసుకెళ్ళమని అడగండి, కుదరదంటే చట్టం గుర్తుచేయండి. అక్కడ అమ్మానాన్నలకు కొత్త ఫ్రిజ్ కొనిపెట్టేటప్పుడు, ఎక్స్‌చేంజిలో ఎంత తగ్గిస్తారన్న మాటతో పాటు, పాతది ఎక్కడికి పంపిస్తారని కూడా దుకాణాన్ని అడగండి. కంపెనీ సేకరణ నంబరుకు ఫోను చేసి, తీసుకెళ్ళినట్టు రసీదు ఇమ్మనండి. ఒక్కరు అడిగితే దుకాణదారు విని ఊరుకుంటాడు. వచ్చిన ప్రతివాళ్ళూ అడిగితే జవాబు సిద్ధం చేసుకోక తప్పదు. నియమాలు కాగితం మీద నుంచి వీధిలోకి దిగేది అలాగే.